ల్యాప్‌టాప్‌కి ర్యామ్ వేయించుకునేవాళ్లు జాగ్రత్త, పాత స్టిక్ మాయం చేస్తున్నారు

ల్యాప్‌టాప్ షాపులో ఇచ్చేసి "ర్యామ్ వేసి ఉంచండి, మళ్లీ వస్తా" అని వెళ్లిపోయే అలవాటున్నవాళ్లు ఇది చదవండి. మొన్న మా చెల్లికి జరిగింది. షాపు పేరు రాయడం లేదు, సికింద్రాబాద్‌లోది.

ఆమె ల్యాప్‌టాప్‌లో ఉన్నది 8 జీబీ. "ఇంకో 8 వేస్తే 16 అయిపోతుంది మేడమ్" అని డబ్బు కట్టించుకున్నారు. ఇంటికొచ్చి సెట్టింగ్స్‌లో చూస్తే 12 జీబీ! ఫోన్ చేస్తే, "మిగతాది గ్రాఫిక్స్‌కి పోతుంది మేడమ్, అందరికీ అంతే" అన్నారు.

పచ్చి అబద్ధం. గ్రాఫిక్స్ కొంత ర్యామ్ వాడుకునే మాట నిజమే, కానీ విండోస్ దాన్ని విడిగా చూపిస్తుంది. ఇన్‌స్టాల్డ్ ర్యామ్ అని ఒక అంకె, బ్రాకెట్లో యూజబుల్ అని ఇంకో అంకె ఉంటాయి. గ్రాఫిక్స్ వల్ల తగ్గేది ఆ రెండోదే. ఇన్‌స్టాల్డ్ దగ్గరే 12 ఉందంటే లోపల ఉన్నదే అంత.

అసలు సంగతేంటంటే, ఈ మోడల్‌లో 4 జీబీ బోర్డుకే సోల్డర్ చేసి (ఊడదీయడానికి వీల్లేకుండా అతికించి) ఉంటుంది, ఇంకో 4 జీబీ స్టిక్ స్లాట్‌లో ఉంటుంది. స్లాట్ ఒక్కటే. 8 జీబీది పెట్టాలంటే పాత స్టిక్ తీయాల్సిందే. తీశారు, తిరిగివ్వలేదు. పైగా కొత్తగా పెట్టింది 2400 స్పీడ్‌ది. ముందున్నవి రెండూ 2666. స్పీడ్‌లు కలవకపోతే మొత్తం తక్కువదాని వేగానికే నడుస్తుంది, అంటే డబ్బిచ్చి మరీ స్పీడ్ తగ్గించుకున్నట్టు.

ఇవన్నీ ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నది, షాపుకి ఇవ్వకముందే స్క్రీన్‌షాట్లు తీయించి పెట్టాను కాబట్టి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, మెమరీ దగ్గర స్పీడ్, స్లాట్లు ఉంటాయి. ఆ స్లాట్ల లెక్కని మాత్రం పూర్తిగా నమ్మకండి, సోల్డర్ చేసినదాన్ని కూడా స్లాట్‌గానే చూపిస్తుంటుంది. ఉచితంగా దొరికే సీపీయూ-జెడ్‌లో ఎస్‌పీడీ ట్యాబ్ తెరిస్తే స్టిక్ కంపెనీ, పార్ట్ నంబర్ కూడా కనిపిస్తాయి. ఆ సాఫ్ట్‌వేర్ మెమరీ ట్యాబ్‌లో 2666 స్టిక్‌కి దాదాపు 1333 అని వస్తుంది, కంగారు పడకండి, డీడీఆర్ అంటేనే డబుల్ డేటా రేట్ కాబట్టి రెండింతలు చేసి చదువుకోవాలి. ఆ 1333నే చూపించి "మీది పాత డీడీఆర్3" (డీడీఆర్4కి ముందు తరం ర్యామ్) అనేవాళ్లూ ఉన్నారు.

నిజంగానే డీడీఆర్3 కాలం ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకి ఇంకో గండం ఉంది. డీడీఆర్3 1.5 వోల్టులది, డీడీఆర్3ఎల్ 1.35 వోల్టులతోనూ నడిచేది. స్టిక్ అంచున ఉండే గాడి రెండింటికీ ఒక్కచోటే ఉంటుంది కాబట్టి రెండూ స్లాట్‌లో చక్కగా కూర్చుంటాయి. కానీ 1.35 మాత్రమే తీసుకునే ల్యాప్‌టాప్‌లో మామూలు డీడీఆర్3 పెడితే ఆన్ కాకపోవచ్చు. లేబుల్ మీద పీసీ3ఎల్ అని ఉందో, ఉత్త పీసీ3 అని ఉందో చూసుకోండి. డీడీఆర్4తో ఈ బాధ లేదు, వేరే తరం స్లాట్‌లో అసలు పట్టదు.

స్క్రీన్‌షాట్లు చూపించాక, "పిల్లాడు పొరపాటున పక్కన పెట్టేశాడు సార్" అంటూ 4 జీబీ స్టిక్ డ్రాయర్లోంచి తీసిచ్చారు. 2400 స్టిక్ మాత్రం వాపసు తీసుకోలేదు. బిల్లు మీద "8 జీబీ డీడీఆర్4" అని తప్ప కంపెనీ లేదు, స్పీడ్ లేదు, ఇంకేం అడుగుతాం? మీరు మాత్రం పార్ట్ నంబర్ బిల్లులో రాయించుకున్నాకే డబ్బివ్వండి, మూత మీ కళ్లముందే తీయించండి.