మిట్టమధ్యాహ్నం చీకటి దొరికే హోటల్

పైలట్ అని తెలియగానే చుట్టాలు మొదట జీతం గురించి అడుగుతారు, తర్వాత హోటళ్ల గురించి. "నీకేం, అన్నీ స్టార్ హోటళ్లేగా!" అని ఓ నిట్టూర్పు విడుస్తారు. నిజమే, నెలలో చాలా రాత్రులు హోటళ్లలోనే గడుస్తాయి. రాత్రులు అన్నది అలవాటు కొద్దీ వచ్చిన మాట. నేను హోటల్ మంచమెక్కేది చాలాసార్లు పొద్దున్న తొమ్మిదికి, మిగతావాళ్లు టిఫిన్ కోసం కిందికి దిగే వేళకి. అందుకే మామూలు ప్రయాణికులు రాసే రివ్యూలు మాకు పనికిరావు. పూల్ ఎంత బాగుందో వాళ్లు రాస్తారు. అదే పూల్ కిటికీ కిందే ఉంటే, పదకొండింటికి పిల్లల కేకలు చెవిలో ఎలా పడతాయో రాయరు.

మొన్నటి ఆరు రోజుల ట్రిప్‌లో నాలుగు హోటళ్లు మారాం. పేర్లు చెప్పను, గదులెలా ఉన్నాయో చెబుతాను.

మొదటిది సముద్రం ఒడ్డున. రోస్టర్‌లో, అంటే మా డ్యూటీల పట్టికలో, ఈ పేరు పడితే కొత్తగా చేరినవాళ్లు ఎగిరి గంతేస్తారు. రాత్రంతా విమానం నడిపి పొద్దున్న 7:10కి దిగాం. వ్యాన్‌లో ముప్పావు గంట ప్రయాణం. కౌంటర్ దగ్గరికి చేరేసరికి 8:40. గదులు సిద్ధంగా లేవన్నారు, చెక్-ఇన్ మధ్యాహ్నం రెండింటికట! మేం ఫలానా టైముకి వస్తామని నెల ముందే రోస్టర్ చెబుతుంది. అయినా యూనిఫాంలో సోఫాల మీద కూర్చుని, వచ్చేపోయే వాళ్లు చూస్తుండగా కునికిపాట్లు పడ్డాం. తాళాలు చేతికొచ్చేసరికి 9:35.

గది అద్భుతం. గోడ నుంచి గోడ దాకా కిటికీ, దాని నిండా సముద్రం. అసలు చిక్కు అక్కడే. రెండు కర్టెన్ల మధ్య జానెడు సందు, అందులోంచి ఎండ కత్తిలా వచ్చి సరిగ్గా దిండు మీద పడుతోంది. దీనికి పైలట్లందరికీ తెలిసిన వైద్యం ఒకటుంది. అల్మారాలో ప్యాంట్లు వేలాడదీసే క్లిప్పుల హ్యాంగర్ తీసి, రెండు కర్టెన్లనూ కలిపి బిగించాలి. తలుపు కింద నుంచి వచ్చే వెలుతురుకి తువ్వాలు మడిచి పెట్టాలి. టీవీ ఎర్ర లైటు మీద చిన్న టేపు ముక్క అంటించాలి. అంతా చేసి పడుకునేసరికి 10:15.

11:20కి తలుపు టకటకా. డు నాట్ డిస్టర్బ్ బోర్డు తగిలించే ఉంది. "తువ్వాళ్లు మార్చమంటారా?" అట. ఒంటిగంటకి ఫోన్, మినీబార్‌లో ఏమైనా వాడారా అని. రెండున్నరకి చెమటతో మెలకువ వచ్చింది. ఏసీ ఆగిపోయింది. మనిషి కదలికను బట్టి నడిచే సెన్సర్ అది. గదిలో ఎవరూ కదలడం లేదు కాబట్టి ఎవరూ లేరనుకుంది. నిద్రపోతున్న మనిషి కదలడన్న సంగతి ఆ సెన్సర్ తయారుచేసినవాళ్లకు తట్టలేదేమో. కాసేపటికోసారి లేచి చేతులు ఊపుతూ నిద్రపోవడం ఎలాగో నాకైతే తెలీదు. మూడు ముక్కలుగా కలిపితే నాలుగు గంటల నిద్ర. రాత్రి తొమ్మిదికి మళ్లీ వ్యాన్.

కాగితం మీద మాత్రం మాకు పన్నెండు గంటల విశ్రాంతి దొరికింది.

యూరప్ నిబంధనల్లో సిబ్బందికి ఇచ్చే బస ఎలా ఉండాలో స్పష్టంగా రాసి ఉంది. ఒక్కొక్కరికి వేరే గది, నిశ్శబ్దమైన చోటు, మంచం, గాలి, వేడినీ వెలుతురునీ తగ్గించుకునే వీలు, తిండీ నీళ్లూ అందుబాటులో ఉండటం. సొంత బేస్‌కు (మామూలుగా డ్యూటీ మొదలుపెట్టే ఊరికి) దూరంగా ఉన్నప్పుడు కనీసం 10 గంటలో, అంతకుముందు చేసిన డ్యూటీ ఎంతసేపో అంతో, రెండిట్లో ఏది ఎక్కువైతే అంత విశ్రాంతి ఇవ్వాలి. ప్రయాణానికీ స్నానపానాలకూ పట్టే టైము కాక, అందులో 8 గంటలు నిద్రకు మిగలాలి. అమెరికాలోనూ 10 గంటల విశ్రాంతి, అందులో ఆటంకం లేని 8 గంటల నిద్రకు అవకాశం ఉండాలంటారు. అంత నిద్ర కుదరదని పైలట్‌కు అనిపిస్తే కంపెనీకి చెప్పి తీరాలి.

అమెరికా నిబంధన ఊరికే రాలేదు. 2009 ఫిబ్రవరి 12న ఆ దేశంలోని బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ అనే కంపెనీ విమానం కూలి 50 మంది చనిపోయారు. విమానం ఇచ్చిన హెచ్చరికకు కెప్టెన్ పొరపాటుగా స్పందించడమే ప్రధాన కారణమని దర్యాప్తు తేల్చింది. కానీ ఆ పైలట్లు ముందు రాత్రి ఎక్కడ పడుకున్నారన్నది కూడా బయటికొచ్చింది. కెప్టెన్ న్యూఅర్క్ ఎయిర్‌పోర్టులోని క్రూ రూమ్‌లో, అంటే సిబ్బంది గదిలో, పడుకున్నాడు. ఫస్ట్ ఆఫీసర్, అంటే కో-పైలట్, రాత్రంతా దేశం ఆ చివర నుంచి విమానాల్లో ప్రయాణం చేసి వచ్చింది. ఆ తర్వాత 2010లో చట్టం, 2014 జనవరి 4 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. సరుకు విమానాలను మాత్రం వాటి నుంచి మినహాయించారు. డబ్బాలు మోసే పైలట్‌కు నిద్ర తక్కువ అవసరమా? నాకు ఇప్పటికీ అర్థం కాని లెక్క అది.

సరే, రెండో హోటల్. ఊరి మధ్యలో, 30 గంటల లేఓవర్, అంటే ఒక విమానానికీ మరో విమానానికీ మధ్య ఆగే సమయం. లేఓవర్ చిన్నదైతే ఎయిర్‌పోర్టు పక్కన, పెద్దదైతే ఊళ్లో పెట్టడం చాలా కంపెనీల పద్ధతి. అది సబబే. నడవడానికి రోడ్లు, మంచి జిమ్, వేళకు తిండి ఉన్నాయి. ఒక్కటే లోపం, పక్క గదికీ నా గదికీ మధ్య కనెక్టింగ్ డోర్. అవతలాయన ఫోన్‌లో తన వ్యాపార లావాదేవీలన్నీ నాకు అప్పజెప్పాడు. కౌంటర్‌కి చెబితే పది నిమిషాల్లో గది మార్చారు, మారు మాట్లాడకుండా. దాంతో నా మార్కులన్నీ వాళ్లకే.

మూడోది రన్‌వేకి దాదాపు ఆనుకుని ఉంటుంది. బయట చూస్తే ఆఫీసు బిల్డింగ్‌లా, లోపల గోడ కాగితం మూలల్లో ఊడి. గదిలో సూట్‌కేసు తెరిస్తే నడవడానికి చోటుండదు. పొగడటానికి ఏముందిక్కడ అంటారా? వ్యాన్ ప్రయాణం ఆరు నిమిషాలు. కౌంటర్ మీద మా పేర్లతో కవర్లు, వాటిలో తాళాలు, సంతకం పెట్టడమే ఆలస్యం. క్రూకి విడిగా ఒక అంతస్తు, లిఫ్ట్‌కు దూరంగా. సాయంత్రం నాలుగు దాకా ఆ అంతస్తులో చీపురు కూడా కదలదు. కిటికీకి మూడు పొరల అద్దం. ఎదురుగా విమానాలు లేస్తుంటే కనిపిస్తాయి తప్ప వినిపించవు. కర్టెన్ మూస్తే మిట్టమధ్యాహ్నం అమావాస్య. ఏసీ, మీట నొక్కితే తిరుగుతుంది, వదిలేస్తే ఆగదు. ఏడు గంటలు కదలకుండా నిద్రపోయాను. లేచాక ఏ ఊళ్లో ఉన్నానో గుర్తురావడానికి కాసేపు పట్టింది.

కొత్త చోట మొదటి రాత్రి నిద్ర సరిగా పట్టకపోవడానికి కారణం ఉంది. మొదటి రాత్రి అనగానే నవ్వకండి, ఇది మెదడు సంగతి. బ్రౌన్ యూనివర్సిటీ వాళ్లు 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, కొత్త చోట తొలిరోజు మెదడులో ఒక సగం పలచగా నిద్రపోతూ కాపలా కాస్తుంది. చిన్న చప్పుడుకే లేపేస్తుంది. మామూలు ప్రయాణికుడికి రెండో రోజుకి సర్దుకుంటుంది. మాకు రెండో రోజు మరో హోటల్, మళ్లీ కాపలానే. కాబట్టి తలుపు చప్పుడూ లిఫ్ట్ గంటా మాకు చిన్న విషయాలు కావు.

ఆ మూడో హోటల్లో నైట్ మేనేజర్ గురించి ఒక మాట చెప్పాలి. తెల్లవారుజామున 3:30కి మా పికప్. "మెషిన్ కాల్ వద్దు, నేనే లేపుతాను" అన్నాడు. చెప్పిన టైముకి లేపాడు. ఐదు నిమిషాల తర్వాత మళ్లీ ఫోన్ చేసి "లేచారు కదా?" అని అడిగాడు. కింద కాఫీ, తిండి పొట్లాలు సిద్ధం. రెండు నుంచి ఆరు దాకా ఒంటికి బొత్తిగా ఓపిక ఉండని వేళ. ఆ వేళ మనిషి గొంతు వినబడటం ఎంత హాయో!

నాలుగో హోటల్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. అంతకుముందు గదిలో ఉన్నవాళ్లు పెట్టి మరిచిపోయిన అలారం గడియారం రాత్రి ఒంటిగంటకి మోగింది. అప్పటి నుంచి ఏ గదికెళ్లినా ముందు గడియారం ప్లగ్ పీకుతున్నాను. మా కెప్టెన్ పరిస్థితి ఇంకా దారుణం, ఆయన గది సరిగ్గా పార్టీ హాల్ పైన. పాటలు ఆగేసరికి రెండైందట. పొద్దున్నే రోస్టర్ వేసేవాళ్లకి ఫోన్ చేసి, నిద్ర చాల్లేదు, డ్యూటీకి హాజరయ్యే టైము మూడు గంటలు ఆలస్యంగా జరపమన్నాడు. జరిపారు. విమానం ఆలస్యమైంది, ప్రయాణికులు మమ్మల్ని తిట్టుకునే ఉంటారు. తిట్టుకోనీ.

కొన్ని దేశాల్లో పైలట్ యూనియన్లకు హోటల్ కమిటీలుంటాయి. వాళ్లే వెళ్లి గదులు చూసి, బాగాలేకపోతే వద్దంటారు. మాకు ట్రిప్ అయ్యాక నింపే ఫారం ఒకటుంది. టిఫిన్ రుచికి ఐదు మార్కులు, సిబ్బంది మర్యాదకు ఐదు, లాబీకి ఐదు. కర్టెన్ గురించి అడిగే గడి లేదు. "ఇతర విషయాలు" అన్నచోట సెన్సర్ ఏసీ కథ, నైట్ మేనేజర్ కథ రెండూ రాశాను. చోటు చాలక వెనక్కి తిప్పి కూడా రాశాను.

వచ్చే నెల రోస్టర్ వచ్చింది. సముద్రం ఒడ్డు హోటల్ రెండుసార్లు పడింది, రన్‌వే పక్కది ఒక్కసారీ లేదు. బ్యాగులో రెండు క్లిప్పుల హ్యాంగర్లు సర్దుకున్నాను.