ప్రాజెక్ట్ హీలింగ్ వాటర్స్: ఏటి కన్నా వైస్ బల్లే ముఖ్యం

అమెరికాలో మాజీ సైనికుల కోసం నడిచే ప్రకృతి కార్యక్రమాల్లో చాలావాటిది ఒకటే తంతు. నాలుగైదు రోజులు కొండల్లో తిప్పుతారు, చివరి రాత్రి మంట చుట్టూ కూర్చోబెట్టి మాట్లాడిస్తారు, తెల్లారితే ఎవరింటికి వాళ్లు. వాళ్లకు ఫ్లై ఫిషింగ్, అంటే ఈకలతో కట్టిన తేలికపాటి ఎరతో చేపలు పట్టడం నేర్పే ప్రాజెక్ట్ హీలింగ్ వాటర్స్‌లోనూ ప్రయాణాలున్నాయి గానీ, ఎక్కువ పని సొంత ఊళ్లోనే, వైస్‌లు (హుక్కును పట్టి ఉంచే చిన్న బిగింపు పరికరాలు) అమర్చిన ఒక బల్ల చుట్టూ జరుగుతుంది. మిగతావాటి కన్నా దీన్ని మేలని చెప్పడానికి కారణం అదే.

నౌకాదళంలో కెప్టెన్‌గా రిటైరైన ఎడ్ నికల్సన్ దీన్ని 2005లో వాషింగ్టన్‌లోని వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో మొదలుపెట్టారు. ఇరాక్, అఫ్గానిస్థాన్‌ల నుంచి గాయాలతో వచ్చినవాళ్లకు ఆసుపత్రి పచ్చిక మీదే ఫ్లై ఫిషింగ్ నేర్పించారు. ఇప్పుడు దేశమంతటా శాఖలున్నాయి. శరీరానికైనా మనసుకైనా వైకల్యం మిగిలిన సైనికులు, మాజీ సైనికులు చేరవచ్చు. ఫీజు లేదు, సామాను వాళ్లే ఇస్తారు.

మొదట నేర్పేది ఫ్లై కట్టడం, అంటే పురుగునో చిన్న చేపనో పోలిన ఎరను హుక్కు మీద ఈకలతో, దారంతో తయారుచేయడం. కొత్తవాళ్ల చేత సాధారణంగా ఊలీ బగ్గర్ అనే రకం ఫ్లై కట్టిస్తారు. 8 లేదా 10 నంబరు పొడవు కాడ హుక్కును వైస్‌లో బిగించి, దారం చుట్టి, తోకకు మారబూ అనే మెత్తటి ఈక కడతారు. తోక పొడవు హుక్కు కాడంత ఉంటే చాలు. అంతకు మించితే చేప తోక చివర మాత్రమే కొరికి పోతుంది, హుక్కు నోట్లో పడదు. ఆపైన ఒంటికి షెనీల్ అనే నూగు దారం, దాని మీద మెలికలుగా కోడిపుంజు ఈక. దాదాపు అందరూ తప్పేది చివర్లో: హుక్కు బెజ్జం దాకా సామాను నింపేస్తారు, ముడి వేయడానికి చోటుండదు. బెజ్జానికి ముందు రెండు మిల్లీమీటర్లు ఖాళీ వదలమని మంచి వాలంటీరు మొదటి చుట్టుకే చెప్తాడు. ఒక చెయ్యి లేనివాళ్లకు ప్రత్యేకమైన వైస్‌లు, బిగింపులు ఉన్నాయి; వెళ్లేముందే అడిగితే సిద్ధంగా పెడతారు.

కాస్టింగ్, అంటే రాడ్‌తో ఎరను విసరడం, నీళ్ల దగ్గర కాదు, గడ్డి మీద నేర్పుతారు. హుక్కు బదులు ఊలు ముక్క కడతారు. మన గాలంలో సీసం గుండు దారాన్ని లాక్కుపోతుంది. ఇక్కడ ఎరకు బరువు ఉండదు, బరువంతా లైను అనే దారానిదే. అందుకే 9 అడుగుల, 5 వెయిట్ (లైను బరువు నంబరు) రాడ్‌ను వెనక్కి తెచ్చి టక్కున ఆపి, లైను వెనక పూర్తిగా చాచుకున్నాకే ముందుకు తోయాలి. తొందరపడితే కొరడాలా చిటుక్కుమంటుంది, అసలు ఫ్లై ఉంటే తెగి ఎగిరిపోతుంది. మణికట్టు వంచితే లైను వెనక నేలకు కొట్టుకుంటుంది. సిమెంటు మీద సాధన చేయిస్తున్నారంటే నేర్పేవాడికి లైను విలువ తెలియదన్నమాట, పైపూత గీసుకుపోతుంది.

రాడ్ తయారీ ఓపిక ఉన్నవాళ్లకే. దారపు చుట్ల మీద పూసే ఎపాక్సీ జిగురు రెండు భాగాలు సరిసమానంగా కొలవకపోతే వారం తర్వాత కూడా జిగటగానే ఉంటుంది. ఆరేటప్పుడు రాడ్‌ను మోటారు మీద తిప్పుతూ ఉండకపోతే కిందికి జారి గడ్డకడుతుంది.

ఇక ఏరు. వేడర్ (నీళ్లలో దిగేందుకు ఛాతీ దాకా తొడిగే, తడవని దుస్తు) నడుముకు బెల్టు లేకుండా ఎవర్నీ నీళ్లలోకి దిగనివ్వకూడదు. పడితే పైనుంచి వచ్చే నీళ్లు కాళ్లలోకి నిండకుండా ఆపేది అదే. కృత్రిమ కాలున్నవాళ్లకు పడవ మేలు. ట్రౌట్ చేపకు నీళ్లు 20 డిగ్రీల సెల్సియస్ దాటితే ఊపిరి కష్టం, పట్టి వదిలినా చావచ్చు. ఎండాకాలంలో థర్మామీటరు లేకుండా తీసుకెళ్లే శాఖను అనుమానించాల్సిందే.

బయట పెద్దగా చెప్పుకోని సంగతి ఇంకోటుంది. పీటీఎస్‌డీ (భయంకర అనుభవాల తర్వాత మనసుకు మిగిలే జబ్బు) ఉన్నవాళ్లకు వెనక ఎవరున్నారో తెలియకపోతే ఒళ్లు బిగుసుకుంటుంది. ఏటి హోరులో అడుగుల చప్పుడు వినపడదు. ఆ సంగతి తెలిసిన వాలంటీరు ఎప్పుడూ కనపడేలా పక్క నుంచే వస్తాడు, ముందు పిలుస్తాడు, భుజం మీద చెయ్యి వేయడు. వేటల కాలంలో తుపాకీ మోతలు వినపడే చోటికి తీసుకెళ్లడు. ఈ మెళకువ అన్ని శాఖల్లో ఒకేలా ఉంటుందని ఆశించకూడదు. నడిపేది వాలంటీర్లే కాబట్టి నాణ్యత మనిషిని బట్టి మారుతుంది, ఇందులోని పెద్ద లోపం అదే.

ఇది చికిత్సకు బదులు కాదు. ఫ్లై ఫిషింగ్ శిబిరాలకు వెళ్లిన 74 మంది మాజీ సైనికుల మీద 2013లో వచ్చిన ఒక అధ్యయనం మేలు కనపడిందంది గానీ, పోల్చి చూడ్డానికి వెళ్లనివాళ్ల గుంపు అందులో లేదు. వీఏ (మాజీ సైనికుల ప్రభుత్వ శాఖ) ఆసుపత్రిలో సీపీటీ (పీటీఎస్‌డీకి ఇచ్చే మాటల చికిత్స) లాంటి చికిత్స దాదాపు 12 విడతలు నడుస్తుంది. దాన్ని ఆపి ఇటు రావద్దు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తుంటే 988కి ఫోన్ చేసి 1 నొక్కాలి.

చేరాలంటే వీఏలోని రిక్రియేషన్ థెరపిస్టును (ఆటపాటలు, వ్యాపకాల ద్వారా కోలుకునేలా చేసేవారిని) అడగండి. బల్ల ఎన్నాళ్లకోసారి కూడుతుంది, చలికాలంలో ఆపేస్తారా, వాలంటీర్లు ఏటేటా మారుతున్నారా అని ముందే కనుక్కోండి. నెలకోసారి కూడా కూడని శాఖైతే పక్క ఊరిది వెతుక్కోవడం నయం. చేపల లైసెన్సు మాత్రం రాష్ట్రానికి రాష్ట్రం వేరు. వైకల్యం ఉన్న మాజీ సైనికులకు చాలాచోట్ల రాయితీ ఉంది, కాగితాలు వెంట తీసుకెళ్లండి.