ఫాస్ఫో-ఎర్క్ యాంటీబాడీతో ఆరేళ్లు

కణాల్లోని ఎర్క్ అనే ప్రొటీన్‌కు ఫాస్ఫేట్ చేరి అది మేల్కొన్నప్పుడు, ఆ రూపాన్ని పట్టుకునే యాంటీబాడీ ఇది. దీన్ని వెస్టర్న్ బ్లాట్‌లో, అంటే ప్రొటీన్లను జెల్‌లో పరిమాణాన్ని బట్టి విడదీసి మెంబ్రేన్ అనే పలచని పొర మీదికి ఎక్కించి చూసే పద్ధతిలో వాడతాను. దీని మీద నాకున్న ఇష్టానికి కారణం ఒక్కటే. ఖాళీగా ఉండాల్సిన లేన్‌లో (ఒక్కో నమూనా నడిచే వరుసలో) ఇది ఏమీ చూపించదు. రాత్రంతా సీరం లేకుండా ఉంచిన కణాల లైసేట్ (కణాలను పగలగొట్టి తీసిన ద్రవం) వేస్తే అక్కడ మెంబ్రేన్ తెల్లగా ఉంటుంది. పక్కనే, ఈజీఎఫ్ (కణాలను పెరగమని ప్రేరేపించే ప్రొటీన్) ఇచ్చి ఐదు నిమిషాలు ఆగిన కణాల లేన్‌లో 44, 42 కిలోడాల్టన్ల (ప్రొటీన్ బరువుకు కొలత) దగ్గర రెండు గీతలు అంచులు చెదరకుండా, మధ్య సన్నటి తెల్లని సందుతో కనిపిస్తాయి. పైది ఎర్క్1, కిందిది ఎర్క్2. నేను పెంచే కణాల్లో ఎప్పుడూ కిందిదే ముదురు.

ఇది కుందేలు మోనోక్లోనల్, అంటే అన్నీ ఒకేలా ఉండే యాంటీబాడీ. ఎర్క్1లో థ్రియోనిన్ 202, టైరోసిన్ 204 అనే అమైనో ఆమ్లాల దగ్గర, ఎర్క్2లో వాటికి సరిపోలే చోట ఫాస్ఫేట్ చేరిన రూపాన్ని పట్టుకుంటుంది. దీనికి ముందు ఒక పాలీక్లోనల్ (రకరకాల యాంటీబాడీల మిశ్రమం) వాడాను. కొత్త లాటు (తయారీ విడత) వచ్చినప్పుడల్లా ఎంత పలచన చేయాలో మళ్లీ మొదటి నుంచి చూసుకోవాల్సి వచ్చేది. ఒక లాటులో 60 కిలోడాల్టన్ల దగ్గర ఎవరిదో తెలియని గీత తేలింది, తరువాతి లాటులో మాయమైంది. ఆ చిరాకు పడ్డవాళ్లకే మోనోక్లోనల్ విలువ తెలుస్తుంది.

మూడో ఏడాదిలో మాత్రం దీని మీద నమ్మకం దాదాపు పోగొట్టుకున్నాను. ఒక వారం కంట్రోల్ లేన్‌లో, అంటే ఈజీఎఫ్ ఇవ్వని కణాల లేన్‌లో, రెండు గీతలు కనిపించాయి. ఈజీఎఫ్ ఇచ్చిన లేన్‌కు కాస్త తక్కువ, అంతే. మళ్లీ చేశాను, మళ్లీ అదే. సరిగ్గా అప్పుడే కొత్త లాటు సీసా తెరిచి ఉన్నాం కాబట్టి అనుమానం దాని మీదికే వెళ్లింది. అమ్మినవాళ్లకు ఫిర్యాదు కూడా రాసి పెట్టుకున్నాను.

పంపే ముందు మూడు పరీక్షలు చేశాను. పాత లాటు సీసాలో అడుగున మిగిలిన కొద్దిపాటితో అవే లైసేట్లను చూశాను. గీతలు అలాగే వచ్చాయి. లైసేట్‌లో కొంత భాగాన్ని ఫాస్ఫేట్‌ను తీసేసే ఎంజైమ్ లాంబ్డా ఫాస్ఫటేజ్‌తో కలిపి వేశాను. ఆ లేన్‌లో గీతలు పూర్తిగా పోయాయి. అంటే యాంటీబాడీ చూస్తున్నది నిజమైన ఫాస్ఫేట్‌నే. ఇక కణాలకు ముందుగా యు0126 అనే నిరోధకం ఇచ్చి చూశాను. ఎర్క్‌కు ఫాస్ఫేట్ తగిలించే మెక్ అనే ఎంజైమ్‌ను అది ఆపుతుంది. కంట్రోల్ లేన్ మళ్లీ తెల్లబడింది. ఇక సందేహం లేదు. ఎవరూ ఏ ప్రేరణా ఇవ్వని కణాల్లో ఎర్క్ నిజంగానే మేల్కొని ఉంది. మరి మేల్కొలిపింది ఎవరు?

నోట్‌బుక్ వెనక్కి తిప్పితే దొరికింది. ఆ నెల నుంచే, ఈజీఎఫ్ ఇచ్చే ముందు పాత మీడియం (కణాలు పెరిగే ద్రవం) తీసేసి తాజా సీరం లేని మీడియం పోయడం మొదలుపెట్టాను. శుభ్రంగా ఉంటుందని చేసిన మార్పు అది. కంట్రోల్ డిష్‌కూ అదే చేశాను. కణాల మీద ద్రవం ఒరిపిడి, ఒక్కసారిగా మారిన చల్లదనం వాటికి చిన్న విషయాలు కావు. పరీక్షించడానికి కొన్ని డిష్‌లను అసలు కదపలేదు, కొన్నింటిని ఇంక్యుబేటర్ నుంచి బయటికి తీసి మళ్లీ పెట్టాను, మిగిలినవాటికి మీడియం మార్చి 5, 10, 30 నిమిషాల దగ్గర ఆపాను. కదపనివి తెల్లగా వచ్చాయి. బయటికి తీసినవాటిలో గీత ఉందా లేదా అన్నట్టుంది. మీడియం మార్చినవాటిలో 5, 10 నిమిషాల దగ్గర నల్లగా వచ్చి, 30కి పలచబడింది. ఆ మెంబ్రేన్ చూసినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. రాసి పెట్టుకున్న ఫిర్యాదు చెరిపేశాను. అప్పటి నుంచి ఈజీఎఫ్‌ను గాఢంగా చేసుకుని, ఉన్న మీడియంలోనే కొద్ది పరిమాణంలో కలుపుతున్నాను. కంట్రోల్‌కు అంతే పరిమాణంలో ఈజీఎఫ్ లేని ద్రావణం.

తెల్లని నేపథ్యం అన్నాను కానీ, అది యాంటీబాడీని బీఎస్ఏలో (ఆవు సీరంలోని ఆల్బుమిన్ ప్రొటీన్‌లో) కలిపినప్పటి మాట. పాల పొడిలో కలిపి చూసినప్పుడు నా దగ్గర గీత బలహీనపడింది, మెంబ్రేన్ మసకబారింది. పాలలోని కేసిన్ కూడా ఫాస్ఫేట్లు మోసే ప్రొటీనే కదా. లైసిస్ బఫర్‌లో (కణాలను పగలగొట్టే ద్రావణంలో) ఫాస్ఫటేజ్ నిరోధకాలు మరిచిపోయిన రోజు ఏ యాంటీబాడీ అయినా చేసేదేమీ లేదు.

దీని బలం కూడా ఒక్కోసారి ఇబ్బందే. వెయ్యి వంతులకు పలచన చేసి వాడినన్నాళ్లూ 5, 10 నిమిషాల గీతలు రెండూ ఒకేలా నల్లగా వచ్చేవి. అందువల్ల ఫాస్ఫేట్ ఎప్పుడు శిఖరానికి చేరిందో తేల్చలేకపోయాను. ఇప్పుడు నాలుగు వేల వంతులకు పలచన చేసి, తక్కువ సేపు ఎక్స్‌పోజ్ చేస్తున్నాను. పైగా ఒకసారి అంటుకుంటే తేలిగ్గా వదలదు. మెంబ్రేన్‌ను స్ట్రిప్ చేసి (అంటుకున్న యాంటీబాడీని కడిగేసి), కుందేలుదే అయిన టోటల్ ఎర్క్ యాంటీబాడీతో (ఫాస్ఫేట్ ఉన్నా లేకున్నా ఎర్క్‌ను పట్టుకునేదానితో) మళ్లీ చూస్తే, నాకు కనిపిస్తున్నది టోటలా, పాతదాని మిగులా అన్నది తేలేది కాదు. చివరకు టోటల్‌కు ఎలుక యాంటీబాడీకి మారాను. కచ్చితమైన లెక్క కావాలంటే రెండు జెల్‌లు పక్కపక్కన నడుపుతాను. పలచన చేసిన యాంటీబాడీని అజైడ్ (పాడవకుండా ఉంచే రసాయనం) వేసి 4 డిగ్రీల దగ్గర దాచి నాలుగైదుసార్లు వాడేవాణ్ణి. లెక్కకు వచ్చే బ్లాట్‌లకు అది మానేశాను.

కణజాలపు కోతల మీద దీని పనితీరు గురించి గట్టిగా చెప్పలేను. రెండుసార్లే ప్రయత్నించాను, రెండుసార్లూ ముక్క తీయడానికీ ఫిక్స్ చేయడానికీ (రసాయనంతో స్థిరపరచడానికీ) మధ్య ఆలస్యమైంది. ఆలోగా ఫాస్ఫేట్ పోయి ఉంటే ఆ తప్పును యాంటీబాడీ మీద వేయలేను. నా పని పెంచిన కణాలతో, వెస్టర్న్ బ్లాట్‌లతో, నిమిషాల లెక్కతో. మీ పనీ అదే అయితే మళ్లీ ఇదే కొనమంటాను. అయితే మొదటి బ్లాట్‌లోనే కదపని డిష్‌కు ఒక లేన్, యు0126 ఇచ్చిన డిష్‌కు ఒక లేన్ కేటాయించండి.