రెండు ట్యాంకుల పాత పికప్‌లో ఫ్యూయల్ గేజ్ తప్పు: వైరు తాకించాలా, మీటరు పెట్టాలా?

మొదట, ఏ ట్యాంకు వాడాలో ఎంచే స్విచ్ అటూ ఇటూ తిప్పండి. ఒక ట్యాంకుకు ముల్లు సరిగ్గా చూపి, రెండోదానికే తప్పు చూపిస్తే గేజ్ బాగున్నట్టే. లోపం ఆ ట్యాంకు సెండర్ (ట్యాంకులో ఇంధన మట్టం చూసి గేజ్‌కి తెలిపే భాగం), వైరు, ఎర్త్ (ఛాసిస్‌కి, అంటే బండి ఇనుప చట్రానికి ఉండే కనెక్షన్) లేదా స్విచ్ కాంటాక్ట్‌లో ఉంటుంది. రెండింటికీ తప్పు చూపిస్తే గేజ్‌నీ, దానికొచ్చే కరెంటునీ అనుమానించాలి.

వైరు తాకించడం చాలా సులువు. సెండర్ వైరు ఊడదీసి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ఒక్క క్షణం ఛాసిస్‌కి తాకించాలి. 1980ల మొదట్లోని ఫోర్డ్‌లో ముల్లు ఫుల్ వైపు, అదే కాలపు షెవర్లేలో ఎంప్టీ వైపు కదలాలి. కదిలితే గేజ్, వైరు బతికే ఉన్నాయి. కానీ ముప్పావు ట్యాంకును సగమని చూపే గేజ్ సంగతి ఇది తేల్చదు. పైగా పెట్రోల్ ఆవిరి ఉన్నచోట నిప్పురవ్వంటే నాకు భయమే.

మల్టీమీటర్‌తో పని నెమ్మది, జవాబు మాత్రం గట్టిది. ఇగ్నిషన్ ఆపి, వైరు ఊడదీసి, సెండర్ టెర్మినల్‌కీ ఎర్త్‌కీ మధ్య నిరోధం ఎన్ని ఓమ్స్ ఉందో చూడాలి. ఆ ఫోర్డ్‌లో ఖాళీకి దాదాపు 73, నిండుకు 10. షెవర్లేలో ఖాళీకి 0, నిండుకు 90. 1987 నుంచి ఫోర్డ్ లెక్క తిరగబడింది: ఖాళీకి 16, నిండుకు 158 దగ్గర. పాత సెండర్ కొత్త బండికి పెడితే ముల్లు ఉల్టా నడిచేది ఇందుకే!

అంకె గెంతుతుంటే సెండర్ లోపలి తీగ అరిగినట్టు. ట్యాంకు దించేముందు ఎర్త్ బోల్టు దగ్గర తుప్పు గీకి మళ్లీ కొలవండి. నేనైతే మీటరుతోనే మొదలుపెడతాను.