టీవీ షోలో గెలిస్తే నగదు మేలా, కారు మేలా? చేతికి మిగిలే లెక్క

టీవీ షోలో గెలిచిన బహుమతికి పన్ను పడుతుందా అంటే, పడుతుంది. తేల్చుకోవాల్సింది ఆ బహుమతి ఏ రూపంలో వస్తే ఇంటికి ఎక్కువ మిగులుతుందన్నది. తెర మీద అందరికీ 'పది లక్షల బహుమతి' అనే పడుతుంది. నగదుగా గెలిచినవాళ్లకు ఏడు లక్షలకు కాస్త తక్కువ మిగులుతుంది. కారుగా గెలిచినవాళ్లు తాళాలు అందుకోకముందే మూడు లక్షలు ఎదురు కట్టాలి. అదే పది లక్షలు పారితోషికంగా వచ్చినవాళ్లు, వేరే ఆదాయం లేకపోతే, ఒక్క రూపాయి కట్టక్కర్లేదు.

ముందు చట్టం సంగతి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 115బిబి లాటరీలు, గుర్రప్పందేలు, పేకాట, 'ఇంకే తరహా ఆటైనా' వాటిలో గెలుపు మీద నేరుగా 30 శాతం పన్ను వేస్తుంది. దాని మీద 4 శాతం సెస్సు కలిపితే 31.2 శాతం. 'నేను బుర్రకు పదునుపెట్టి జవాబులు చెప్పాను, నాది లాటరీ ఎలా అవుతుంది?' అని చాలామంది వాదిస్తారు. ఆ వాదన నిలవదు. టీవీలో గానీ, ఎలక్ట్రానిక్ మాధ్యమంలో గానీ జనం పోటీపడి బహుమతులు గెలిచే గేమ్ షోలు, వినోద కార్యక్రమాలు కూడా ఆ మాట కిందికే వస్తాయని 2001 ఆర్థిక చట్టం స్పష్టంగా రాసేసింది. ఇంట్లో కూర్చుని ఎస్సెమ్మెస్ పంపి లక్కీ డ్రాలో గెలిచినా అదే రేటు, ఎందుకంటే చీటీ తీసి ఇచ్చే బహుమతి చట్టం దృష్టిలో లాటరీయే.

ఈ 30 శాతంలోంచి తగ్గించుకోవడానికి ఏమీ ఉండదు. షూటింగ్‌కు వెళ్లిన రైలు ఖర్చు, హోటల్ గది, కొన్న బట్టలు ఏవీ మినహాయించరు. పన్ను తగ్గించుకోవడానికి మామూలుగా చూపే 80సి పొదుపులు చెల్లవు. 'నాకు వేరే ఆదాయమే లేదు, మొదటి నాలుగు లక్షలకు పన్ను లేదు కదా' అన్నదీ ఇక్కడ పనికిరాదు. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కావడంతో సెక్షన్ నంబర్లు మారాయి గానీ, 30 శాతం అలాగే ఉంది. అందరికీ అలవాటైన పాత నంబర్లే ఇక్కడ వాడుతున్నాం.

నగదు బహుమతి

నగదు, వస్తువు, నిర్వాహకులే పన్ను కట్టే వస్తువు, పారితోషికం అనే నాలుగింటిలో లెక్క సులువుగా తేలేది ఇదే. ఒక్కో చెల్లింపు 10,000 రూపాయలు దాటితే ఇచ్చేవాళ్లే సెక్షన్ 194బి కింద 30 శాతం టీడీఎస్ (ఇచ్చేచోటే కోసుకునే పన్ను) పట్టుకుని మిగతాది ఖాతాలో వేస్తారు. పది లక్షలకు మూడు లక్షలు పోయి ఏడు లక్షలు వస్తాయి. ఇక్కడే చాలామంది 'పన్ను అయిపోయింది' అనుకుంటారు. అవలేదు. దేశంలో నివసించేవాళ్లకు టీడీఎస్‌లో సెస్సు కలపరు. మరో 12,000 రూపాయలు మీరే కట్టాలి. టీడీఎస్ పోను కట్టాల్సింది 10,000 చేరితే అది ముందస్తు పన్ను. గెలిచిన తర్వాత వచ్చే వాయిదాలో, అంటే జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి 15 తేదీల్లో ముందుగా ఏది వస్తే దానికి కట్టేస్తే వడ్డీ పడదు. వ్యాపార ఆదాయం లేని 60 ఏళ్లు దాటిన పెద్దలకు ఈ ముందస్తు పన్ను బెడద లేదు, రిటర్ను వేసేటప్పుడు కడితే చాలు.

బహుమతి పెద్దదైతే సర్‌ఛార్జి కూడా వచ్చిపడుతుంది. 2021లో వచ్చిన 'ఎవరు మీలో కోటీశ్వరులు' లాంటి షోలో కోటి గెలిస్తే టీడీఎస్ 30 లక్షలు, చేతికి 70 లక్షలు. మొత్తం ఆదాయం 50 లక్షలు దాటింది కాబట్టి పన్ను మీద 10 శాతం సర్‌ఛార్జి, దాని మీద సెస్సు. అసలు పన్ను 34,32,000. అంటే ఖాతాలో పడిన 70 లక్షల్లోంచి 4,32,000 తీసి పక్కన పెట్టాలి. జీతం కూడా కలిసి మొత్తం కోటి దాటితే సర్‌ఛార్జి 15 శాతానికి ఎక్కుతుంది, గీతకు దగ్గర్లో ఉన్నవాళ్లకు కొంత ఊరట ఉంటుంది. ఆ డబ్బుతో వెంటనే స్థలం కొనేసి, మార్చిలో పన్ను కోసం అప్పు చేసే పరిస్థితి రాకూడదంటే ఈ మొత్తాన్ని మొదటిరోజే వేరే ఖాతాలో వేయడం ఉత్తమం.

వస్తువు బహుమతి

కారు, ఫ్లాటు, బంగారం, ఫర్నిచరు ఏదైనా దాని విలువ మీద అదే 30 శాతం. కానీ వస్తువులోంచి ముక్క కోసి పన్ను పట్టుకోలేరు కదా. అందుకే పన్ను కట్టినట్టు నిర్ధారించుకున్నాకే వస్తువును వదలాలని 194బి నిర్వాహకులకు బాధ్యత పెట్టింది. పన్ను సంగతి చూడకుండా ఇచ్చేస్తే వాళ్ల మీద జరిమానా పడుతుంది. కాబట్టి 'ముందు కారివ్వండి, తర్వాత కడతాను' అంటే కుదరదు.

పది లక్షల కారుకు మూడు లక్షలు ముందు, 12,000 తర్వాత. దీని మీద లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషను, బీమా ఎవరివో షో నిబంధనల్లో రాసి ఉంటుంది. చాలాసార్లు అవీ విజేతవే. విలువ ఎక్స్ షోరూమ్ ధరా, ఆన్ రోడ్ ధరా అన్నది కూడా కాగితం మీద చూడాలి, ఆ తేడా మీదా 30 శాతం పడుతుంది. పోనీ అమ్మేద్దామంటే, రిజిస్ట్రేషన్ అయిన మరుక్షణం అది సెకండ్ హ్యాండ్ బండి. పది లక్షల మీద పన్ను కట్టి ఎనిమిది లక్షలకు అమ్ముకున్నా, పోయిన రెండు లక్షలకు పన్నులో తగ్గింపు రాదు.

2004 సెప్టెంబరులో అమెరికాలో ఓప్రా విన్‌ఫ్రీ తన షోలో ప్రేక్షకులు 276 మందికి ఒక్కొక్క పాంటియాక్ కారు ఇచ్చింది. స్టూడియో అంతా కేరింతలు. తర్వాత తెలిసిందేమిటంటే ఆదాయపు పన్ను ప్రేక్షకులదేనని, అది ఒక్కొక్కరికి ఏడు వేల డాలర్ల దాకా వెళ్లిందని. అక్కడి చట్టం వేరు, ఇక్కడి చట్టం వేరు. చేతిలో డబ్బు లేకుండా పన్ను మీద పడే ఇబ్బంది మాత్రం ఒకటే.

నగదూ, వస్తువూ కలిసి వస్తే మొత్తం విలువ మీది పన్నును నగదులోంచే పట్టుకుంటారు. ఐదు లక్షల నగదు, పది లక్షల కారు అయితే పన్ను 4,50,000. చేతికి కారు, 50,000 వస్తాయి. నగదు మూడు లక్షలే అయితే పన్ను 3,90,000. నగదంతా పోగా ఇంకో 90,000 జేబులోంచి కడితేనే కారు కదులుతుంది.

నిర్వాహకులే పన్ను కట్టే వస్తువు

ప్రకటనలో 'పన్నులన్నీ మావే' అని ఉంటే వస్తువు బహుమతిలో అంతకు మించినది లేదు. అయితే లెక్క సరిగ్గా చేశారో లేదో చూసుకోవాలి. మీ తరఫున కట్టిన పన్ను కూడా మీకు వచ్చిన బహుమతే. అందుకని పది లక్షల కారుకు మూడు లక్షలు కట్టేస్తే సరిపోదు. పది లక్షలను 0.7తో భాగిస్తే 14,28,571 వస్తుంది, అది మీ ఆదాయం, 4,28,571 టీడీఎస్. మీ మీద మిగిలేది సెస్సు 17,143 మాత్రమే. కారు విలువ 36 లక్షలైతే ఇలా పెంచిన ఆదాయం 50 లక్షలు దాటి సర్‌ఛార్జి గీత తొక్కుతుందని కూడా గుర్తుంచుకోవాలి. సెస్సు, సర్‌ఛార్జి కూడా వాళ్లే భరిస్తారో లేదో రాతపూర్వకంగా అడగండి.

పారితోషికం

బిగ్ బాస్ లాంటి షోల్లో రెండు రకాల డబ్బు ఉంటుంది. పాల్గొన్నందుకు ఇచ్చే పారితోషికం ఒకటి, గెలిస్తే వచ్చే ప్రైజ్ మనీ ఇంకొకటి. పారితోషికం వృత్తి ఆదాయం. దాని మీద సాధారణంగా 10 శాతమే టీడీఎస్, పన్ను మామూలు శ్లాబుల్లో. కొత్త పన్ను విధానంలో 2025–26 నుంచి 12 లక్షల దాకా ఆదాయానికి 87ఏ రిబేటుతో (పన్ను మాఫీతో) పన్ను సున్నా, పట్టుకున్న టీడీఎస్ అంతా వెనక్కి వస్తుంది. మేకప్, ప్రయాణం, బట్టల ఖర్చులు చూపించుకోవచ్చు. అదే మొత్తం ప్రైజ్ మనీ అయితే 3,12,000 పోతుంది.

అలాగని బహుమతికి పారితోషికం అని పేరు మార్చి రాయించుకుంటే చెల్లదు. డబ్బు దేనికి వచ్చిందన్నదే చూస్తారు. ఒప్పందం కుదుర్చుకునేటప్పుడు వారం వారీ పారితోషికం ఎంత, ప్రైజ్ ఎంత అన్నది బేరమాడుకునే వీలున్నవాళ్లు మాత్రం మొదటిదాన్ని పెంచుకోవడమే తెలివి. రెండూ కలిసి 50 లక్షలు దాటితే ప్రైజ్ మీది పన్నుకూ సర్‌ఛార్జి తగులుతుంది.

ఆడియన్స్‌లో కూర్చున్న అందరికీ, పోటీ గానీ డ్రా గానీ లేకుండా పంచే చీర, మిక్సీ లాంటివి గెలుపు కిందికి రావు. అవి కానుకలు. బయటివారిచ్చే కానుకల్లో నగదు, నగలు, బులియన్ లాంటి కొన్నింటికే, అవీ విలువ 50,000 దాటితేనే శ్లాబు పన్ను. మిక్సీ ఆ జాబితాలో లేదు.

కొత్త విధానమా, పాత విధానమా?

అసలు డబ్బు ఎక్కువగా పోయేదీ, వెనక్కి వచ్చేదీ ఇక్కడే. గృహిణి ఒకరు షోలో 40,000 గెలిచారు, వేరే ఆదాయం లేదు అనుకుందాం. టీడీఎస్ 12,000 పోయింది. కొత్త విధానంలో ఈ పన్నుకు రిబేటు లేదు, 12,000 పోయినట్టే, పైగా సెస్సు. పాత విధానంలో మొత్తం ఆదాయం ఐదు లక్షల లోపైతే 12,500 దాకా రిబేటు ఈ పన్నుకూ వర్తిస్తుంది. 12,000 మొత్తం వెనక్కి వస్తుంది. లక్ష గెలిస్తే పన్ను 30,000లో 12,500 తీసేసి, సెస్సు కలిపితే 18,200. టీడీఎస్ 30,000 కాబట్టి 11,800 తిరిగి వస్తుంది. దీనికి చేయాల్సింది గడువు తేదీలోపు, అంటే సాధారణంగా జులై 31 లోపు, ఐటీఆర్‌-2 ఫారంలో రిటర్ను వేసి అందులో పాత విధానం ఎంచుకోవడం. ఐటీఆర్‌-1లో ఈ ఆదాయం చూపడానికి వీల్లేదు. గడువు దాటితే పాత విధానం ఎంచుకునే అవకాశం పోతుంది, దాంతో రిబేటూ పోతుంది.

ఉద్యోగులకు దీనికి తిరగేసిన చిక్కు ఉంది. మినహాయింపు పోగా జీతం 11 లక్షలున్నవారికి కొత్త విధానంలో పన్ను లేదు. ఐదు లక్షల బహుమతి వచ్చిందంటే మొత్తం 16 లక్షలవుతుంది, 12 లక్షల గీత దాటుతుంది, జీతం మీది రిబేటు కూడా ఎగిరిపోతుంది. బహుమతి మీద 1,56,000తో పాటు జీతం మీద కొత్తగా 52,000 కట్టాలి. ఐదు లక్షల బహుమతిలో నిజంగా మిగిలేది 2,92,000. దీన్ని ముందే లెక్కేసుకోనివాళ్లకు రిటర్ను వేసే రోజున గుండె గుభేలుమంటుంది.

పిల్లలు గెలిస్తే

పాటల పోటీలో, డాన్స్ షోలో ప్రతిభతో గెలిచింది ఆ పిల్లల సొంత ఆదాయమే. వాళ్ల పేరున పాన్ తీసుకుని, తల్లో తండ్రో సంరక్షకులుగా రిటర్ను వేయాలి. లక్కీ డ్రాలో వస్తే మాత్రం తల్లిదండ్రుల్లో ఎక్కువ ఆదాయం ఉన్నవారి లెక్కలో కలుస్తుంది. పోటీకి పంపేటప్పుడే పిల్లల పాన్‌కు దరఖాస్తు చేయడం మంచిది. పాన్ ఇవ్వకపోయినా పట్టుకునేది 30 శాతమే, కానీ ఆ టీడీఎస్ ఎవరి ఖాతాలోనూ కనబడదు.

ఏది అడగాలి?

ఎంచుకునే వీలుంటే మా వరుస ఇది: పన్ను నిర్వాహకులే భరించే వస్తువు, అదీ మీరు ఎలాగూ కొనబోయేదైతే. తర్వాత నగదు. ఆ తర్వాత నగదు కలిసిన వస్తువు, నగదు మొత్తం విలువలో 30 శాతానికి తగ్గకపోతే. పన్ను మీదే అయిన ఒట్టి వస్తువు ఆఖరిది. పొదుపు లేని కుటుంబానికి అది బహుమతి కంటే అప్పుకు దగ్గర. దాని బదులు నగదు ఇస్తారా, లేదా వస్తువు విడుదలకు ముందే వదులుకునే వీలుందా అని నిబంధనల్లో చూడాలి.

డబ్బు అందాక నిర్వాహకుల నుంచి టీడీఎస్ సర్టిఫికెట్ (పాత నంబరు ఫారం 16ఏ) తీసుకుని, అందులోని అంకె మీ పాన్ మీద జమైన పన్ను, ఆదాయం చూపే 26ఏఎస్‌లో (ఇదీ పాత పేరే), ఏఐఎస్‌లో ఉందో లేదో సరిచూడండి. లేకపోతే పాన్ తప్పుగా ఎక్కించి ఉండొచ్చు. వాళ్లు టీడీఎస్ స్టేట్‌మెంటు సవరిస్తేనే క్రెడిట్ వస్తుంది. 10,000 లోపు చిన్న బహుమతికి టీడీఎస్ ఉండదు గానీ పన్ను ఉంటుంది, రిటర్నులో చూపాలి.

'మీరు పాతిక లక్షలు గెలిచారు, ముందు పన్ను పంపండి' అని వాట్సాప్‌లో వచ్చే సందేశాలు పేరున్న షోల పేర్లతోనే తిరుగుతుంటాయి. నగదు బహుమతికి పన్ను అందులోంచే పోతుంది, ముందు కట్టమని ఎవరూ అడగరు. వస్తువుకు అడిగినా అది కంపెనీ ఖాతాకు, టాన్ నంబరుతో (టీడీఎస్ పట్టుకునేవాళ్లకు ఇచ్చే నంబరు), రసీదుతో జరుగుతుంది. వ్యక్తి పేరున ఉన్న యూపీఐకి పంపమంటే అది మోసం. పంపేసి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.