రెగ్యులర్ స్కూలా, ఓపెన్ స్కూలా?

తెల్లవారుజామున అయిదింటికే క్రికెట్ నెట్స్ ప్రాక్టీసు, ఎనిమిదిన్నరకు స్కూలు. మా అన్నయ్య కొడుకు మధ్యాహ్నం లెక్కల క్లాసులో నోట్‌బుక్ మీదే తల వాల్చేస్తాడు. అరచేతుల్లో బ్యాట్ పిడి కాయలు, వేళ్లకు ఇంకు మరకలు. వాణ్ణి రోజూ బడికి వెళ్లకుండా ఇంట్లోనే చదువుకుని పరీక్షలు రాసే ఓపెన్ స్కూల్లో చేర్చాలా అని ఇంట్లో రోజూ చర్చే.

రెగ్యులర్ స్కూల్లో టీచరు ఎదురుగా ఉంటారు, స్నేహితులుంటారు. ఇబ్బందల్లా హాజరే. సీబీఎస్ఈలో 75 శాతం ఉండాలి. జాతీయ స్థాయి ఆటగాళ్లకు సడలింపు దొరుకుతుంది కానీ, జిల్లా సెలెక్షన్స్ చుట్టూ తిరిగే పిల్లాడికి ఆ వెసులుబాటు దొరకడం కష్టం.

జాతీయ ఓపెన్ స్కూల్ సంస్థ ఎన్ఐఓఎస్‌లో ఆ టెన్షన్ లేదు. ఏడాదికి రెండుసార్లు పబ్లిక్ పరీక్షలు, రిజిస్ట్రేషన్ అయిదేళ్లు చెల్లుతుంది, సబ్జెక్టులు విడివిడిగా రాసుకోవచ్చు. కానీ పుస్తకం తెరవమని అడిగేవాళ్లుండరు. మ్యాచ్ ఆడి అలసిపోయిన పదిహేనేళ్లవాడు తనంతట తాను కూర్చుని చదువుతాడా? నాకు నమ్మకం లేదు.

డాక్టర్ల ఇంట పుట్టిన వి.వి.ఎస్. లక్ష్మణ్ వైద్యం కాదని క్రికెట్ ఎంచుకున్నారు. అశ్విన్ ఇంజినీరింగ్ పూర్తిచేసి మరీ ఆడాడు. మావాడికైతే పదో తరగతి వరకు స్కూలే మేలు. ఇంటర్‌కి వచ్చేసరికి రాష్ట్ర జట్టులో చోటు దొరికితే అప్పుడు ఓపెన్ స్కూల్లో చేర్చమనే అన్నయ్యకు చెప్పాను.