షుగర్ సెన్సర్ ప్రోగ్రామ్: రెండో డబ్బా ఎందుకు విప్పరు?

చేతికి అంటించే షుగర్ సెన్సర్, ఫోన్‌లో ఒక యాప్, వారానికోసారి మాట్లాడే డైటీషియన్. ఈ మూడూ కలిపి మూడు నెలల ప్యాకేజీగా అమ్మే ప్రోగ్రామ్‌ల మీద ఈ సమీక్ష. మొదటి సెన్సర్ అయ్యేదాకా హుషారుగా ఉంటుంది, రెండోది అల్మారాలో ఉండిపోతుంది. బద్ధకం అని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు. లెక్క తప్పేది చాలావరకు వేరే చోట్ల.

ముందు ఫోన్. ఫ్రీస్టైల్ లిబ్రె తొలి రకం సెన్సర్‌ని చదవాలంటే ఫోన్‌లో ఎన్ఎఫ్‌సీ (దగ్గర పెడితే చాలు, చదివేసే సదుపాయం) ఉండాలి. మన దగ్గర తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి ఉండదు. డబ్బు కట్టాక కాదు, కట్టకముందే సెట్టింగ్స్‌లో వెతికి చూసుకోండి. లేకపోతే రీడర్, అంటే సెన్సర్‌ని చదివే చిన్న పరికరం, విడిగా కొనాలి. ఇక్కడే ఇంకో మెలిక ఉంది. రీడర్, ఫోన్ రెండూ వాడాలంటే ముందు రీడర్‌తో మొదలుపెట్టి, మొదటి గంట వార్మప్ (సెన్సర్ సిద్ధమయ్యే సమయం) లోపే ఫోన్‌తోనూ స్కాన్ చేయాలి. ఫోన్‌తో మొదలుపెడితే ఆ సెన్సర్‌ని రీడర్ ఇక గుర్తించదు. మధ్యలో ఫోన్ మార్చినా అంతే, ఆ సెన్సర్ పోయినట్టే. ఒక్కోటి వేల రూపాయల వస్తువు కాబట్టి ఇలా ఒకటి పోతే రెండోదాని మీద మనసు పోదు.

తర్వాత జిగురు. 14 రోజులు ఉండాల్సింది నాలుగో రోజుకే ఊడిందంటే ఎక్కువసార్లు కారణం చెమట, లేదా కొబ్బరినూనె రాసుకున్న చెయ్యి. మోచేతికి పైన, చేతి వెనక భాగాన్ని మామూలు సబ్బుతో కడిగి, స్పిరిట్ దూదితో తుడిచి, పూర్తిగా ఆరాకే అంటించాలి. పైన టేపు వేస్తే సెన్సర్ మధ్యలోని చిన్న రంధ్రం మూసుకుపోకుండా చూడాలి.

ఈ సెన్సర్ తనలో 8 గంటల లెక్కే దాచుకుంటుంది. రాత్రి తొమ్మిదికి స్కాన్ చేసి, పదకొండింటికి పడుకుని, పొద్దున ఏడింటికి మళ్లీ చేస్తే మొదటి రెండు గంటలు గల్లంతు. అవి సరిగ్గా రాత్రి భోజనం తర్వాతి గంటలు! పడుకునే ముందు ఇంకోసారి చేస్తే సరిపోతుంది, కానీ ఈ మాట ముందే చెప్పే ప్రోగ్రామ్‌లు తక్కువ. 14 రోజుల్లో కనీసం 70 శాతం రీడింగులు ఉంటేనే రిపోర్టును నమ్మవచ్చని 2019 నాటి అంతర్జాతీయ మార్గదర్శకం. గ్రాఫులో ఖాళీలు చూసి డాక్టర్ పక్కన పెట్టేస్తే పేషెంటుకీ విసుగే.

భయం వల్ల మానేవాళ్లూ ఉంటారు. సెన్సర్ ఉన్న చెయ్యి కింద వేసుకుని పడుకుంటే, ఆ ఒత్తిడికి అర్ధరాత్రి షుగర్ పడిపోయినట్టు 55, 60 అని తప్పు రీడింగ్ పడుతుంది. పైగా సెన్సర్ కొలిచేది రక్తాన్ని కాదు, చర్మం కింది ద్రవాన్ని. అందుకే షుగర్ వేగంగా మారుతున్నప్పుడు కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. ఒంటికి తెలిసేదానికీ అంకెకీ పొంతన లేకపోతే వేలు పొడిచి స్ట్రిప్‌తో చూడాలి.

అన్నిటికన్నా ఎక్కువమందిని ఓడించేది తిండి లెక్క. యాప్ కప్పుల్లో అడుగుతుంది, మన ఇళ్లలో కొలత గరిటె. గోంగూర పప్పు అని వెతికితే ఉత్తరాది దాల్ చూపిస్తుంది. 100 గ్రాముల వండిన అన్నంలో పిండిపదార్థం దాదాపు 28 గ్రాములు, అదే బియ్యమైతే 78 దాకా. లిస్టులో పొరపాటున బియ్యాన్ని నొక్కితే మామూలు భోజనం కూడా నేరంలా కనిపిస్తుంది. ఇంట్లో అన్నం వడ్డించే గరిటెను ఒక్కసారి వంటింటి కాటా మీద తూచి, ఆ అంకె గోడ మీద రాసుకుంటే సగం గొడవ తీరుతుంది.

కొనేది పిల్లలు, వాడేది అమ్మానాన్నలు అయినచోట ఇంకో తంటా. డల్లాస్‌లో ఉన్న కొడుకు నంబరుతో ఖాతా తెరిస్తే ఓటీపీ అక్కడికే వెళ్తుంది. గుంటూరులో నాన్న ఫోన్‌లో యాప్ ఒకసారి లాగౌట్ అయితే, అక్కడ అర్ధరాత్రి కదా అని అడగరు. అంతటితో ఆ యాప్ మూతపడుతుంది, చందా మాత్రం నడుస్తుంది.

డిజిటల్ ఆరోగ్య సేవల్లో ఈ జారిపోవడం గురించి పరిశోధకుడు గ్యుంటర్ ఐసెన్‌బాక్ 2005లోనే రాశాడు: అధ్యయనం నుంచి తప్పుకోవడం వేరు, పేరు అలాగే ఉండి వాడకం ఆగిపోవడం వేరు. మానసిక ఆరోగ్య యాప్‌లు 93 తీసుకుని 2019లో ప్రచురించిన లెక్కలో, నెల తర్వాతా తెరిచేవాళ్ల మధ్యగత (మీడియన్) శాతం 3.3. షుగర్ యాప్‌లు వేరే సంగతే అనుకున్నా, ఆ అంకె చూశాక పేషెంటును ఒక్కడినే తప్పుపట్టలేం.

మా తీర్పు: ఇన్సులిన్ వాడేవాళ్లకు, షుగర్ తరచూ పడిపోయేవాళ్లకు సెన్సర్ ఖర్చుకు తగ్గ వస్తువే. మాత్రలతో నిలకడగా ఉన్నవాళ్లకు మూడు నెలల ప్యాకేజీ దండగ. ఒక్క సెన్సర్ కొని, 14 రోజులూ ఏ తిండికి ఎంత పెరుగుతోందో రాసుకోండి. ఇడ్లీకి ఎంత, పెసరట్టుకు ఎంత అన్నది రెండు వారాల్లో తెలిసిపోతుంది. మూడో వారం నుంచి అదే పాఠం మళ్లీ మళ్లీ. ఆ తర్వాత స్ట్రిప్పులు, మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ (సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చాలు.

ప్యాకేజీయే కావాలంటే సెన్సర్లు ఎన్ని ఇస్తారో అడగండి: 90 రోజులూ నిండాలంటే 7 కావాలి. విప్పని డబ్బాలు వెనక్కి తీసుకుంటారా అన్నదీ రాతపూర్వకంగా తీసుకోండి. ఇప్పటికే అల్మారాలో ఒకటి ఉంటే డబ్బా మీద గడువు తేదీతో పాటు నిల్వ ఉష్ణోగ్రత కూడా చూడండి. మే నెలలో మన అల్మారాలు ఆ హద్దు దాటిపోతాయి.